ఎండలో రాత్రి భోజనం

మిల్లు సార్లూ, మా పిల్లలు పడుకోబోయే ముందు ఆకలని ఏడ్చారంటే దానికి కారణం మీరే. కాదనేవాడెవడైనా ఉంటే నా ఎదుటికొచ్చి అనమనండి. మీవి ఫ్యాక్టరీలు రెండు, బస్సు ఒకటి. దారం మిల్లు వాళ్ళని ముందు దింపేసి, అదే బస్సు తిప్పి అట్టపెట్టెల ఫ్యాక్టరీ వాళ్ళని తెచ్చుకుంటే డీజిలు కలిసొస్తుందని మీలో ఎవరో కుర్చీలో కూర్చుని కనిపెట్టాడు. ఆయనగారికి పిల్లలున్నారో లేదో నాకు తెలియదు. ఉంటే వాళ్ళు రాత్రి అన్నం ఏ వేళకి తింటారో అడగాలని ఉంది.

మా వదిన దారం మిల్లులో దారం కండెలు పెట్టెల్లోకి సర్దుతుంది. సాయంత్రం షిఫ్టు. అన్నయ్య లారీ డ్రైవరు, రోడ్డుమీదే కాపురం. వదిన బస్సెక్కిన దగ్గర్నుంచి పిల్లలు ముగ్గురూ నా పాలు. మేనత్తని, పక్క వాటాలోనే ఉంటాను. పగలు కుట్టుమిషను, చీకటి పడితే ఈ ముగ్గురు. పెద్దదాన్ని జడ్జి అంటాం, ఇంట్లో ఏది పంచినా తీర్పు దానిదే. నడిపివాడు గుండు. ఎప్పుడో పేలు పట్టాయని నున్నగా గొరిగిస్తే జుట్టు మళ్ళీ వచ్చింది గానీ పేరు పోలేదు. చిన్నది పిట్ట.

వదినకి ఒక పద్ధతుంది. ముగ్గుర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని, ఒకే పళ్ళెంలో కలిపి, తన చేత్తోనే వరసగా పెడుతుంది. జడ్జికో ముద్ద, గుండుకో ముద్ద, పిట్టకో ముద్ద, మళ్ళీ జడ్జికి.

"చేతులు లేవా వీళ్ళకి? వాళ్ళే తింటార్లే వదినా," అన్నాను ఒకసారి.

"పొద్దున చూద్దామంటే బడి హడావిడి. నేనొచ్చేసరికి నిద్రలో ఉంటారు. వీళ్ళు నమిలేటప్పుడైనా కాస్త మొహాలు చూసుకోనీ తల్లీ, నీ సొమ్మేం పోయింది?" అంది.

పోయేది నా సొమ్ము కాదు. బస్సు వేళ ముందుకు జరిగింది, దానితోపాటు అన్నమూ జరిగింది. బడి సంచి భుజం దిగీదిగకముందే పళ్ళెం ముందు కూర్చోవాలి. కిటికీలోంచి ఎండ వచ్చి పళ్ళెంలో పడేది.

"అమ్మా, ఇది రాత్రన్నమా, పగలన్నమా?" అన్నాడు గుండు.

"నోరు ముద్దకి తెరువు, మాటలకి కాదు. హారన్ కొట్టేస్తాడు."

ఒక చెవి వీధిలో పెట్టుకుని పెట్టేది. పిల్లలు నమిలేవాళ్ళు కాదు, మింగేవాళ్ళు. హారన్ మోగితే చెయ్యి కడుక్కుంటూ పరుగెత్తేది. పిల్లలు హోంవర్కు చేసుకుని, ఆడుకుని, కొట్టుకుని, పళ్ళు తోముకుని పక్కలెక్కేవాళ్ళు. అప్పుడు మొదలయ్యేది భజన.

"అత్తా, ఆకలి."

"ఇంతింత ముద్దలు పెట్టింది కదరా మీ అమ్మ!"

"అవెప్పుడో అయిపోయాయత్తా. లోపల."

మొదటి రోజు మంచినీళ్ళిచ్చాను. గుండు గ్లాసు ఖాళీ చేసి పొట్ట తడుముకుని, "నీళ్ళు కిందికెళ్ళాయి, ఆకలి అక్కడే కూర్చుంది," అన్నాడు. మర్నాడు అరటిపళ్ళు తెచ్చాను. ముగ్గురికి రెండు పళ్ళు. జడ్జి స్కేలు తెచ్చి కొలిచి కోసింది. కోసినవాళ్ళు ఆఖర్న తీసుకోవాలని తనే చట్టం చేసింది, దాని ప్రకారం చిన్న ముక్క తనకే వచ్చింది, అప్పుడు చట్టం మారుస్తానంది. తర్వాత పెనం మీద రొట్టె ముక్కలు కాల్చి గోరువెచ్చని పాలతో ఇవ్వడం నేర్చుకున్నాను. జాము పూసిన రోజు మంచాలు విరగ్గొట్టినంత పని చేశారు. ఆ దెబ్బతో జాము సీసా అటకెక్కింది.

"మళ్ళీ పళ్ళు తోముకోవాలా? అరిగిపోతాయత్తా!" అని రాగం. తోముకున్నాక మాత్రం గొడవ లేదు. కడుపు నిండిన పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ దూదిమూటల్లా పడిపోయేవాళ్ళు. పిట్ట అయితే నా కొంగు పట్టుకునే నిద్రపోయేది.

ఈ సంగతి వదినకి చెప్పొద్దని నేనెవరికీ చెప్పలేదు. పిల్లలే చెప్పలేదు. అమ్మ పెట్టింది చాలలేదని అమ్మతో ఎలా అంటారు?

కానీ రొట్టె తరిగిపోతుంటే కనపడదా? ఇంకో పక్క పిల్లలు రాత్రికి రొట్టె ఉంటుందిలే అనుకున్నారేమో, ఆ ఎండవేళ నాలుగో ముద్దకే మొహాలు తిప్పుతున్నారు. వదిన ఏం చేసిందో తెలుసా? ముద్దలు పెద్దవి చేసింది. ఇప్పుడే దట్టంగా పెట్టేస్తే తెల్లారేదాకా కాస్తుందని తన లెక్క. పిల్లలేమైనా ఒంటెలా, నిల్వ చేసుకోవడానికి? హారన్ మోగుతుంటే పిట్ట నోట్లో ఇంకోటి కుక్కింది. పిట్ట తిన్నదంతా వాళ్ళమ్మ మిల్లు చొక్కా మీదే కక్కేసింది. వదిన చొక్కా తడిగుడ్డతో తుడుచుకుంటూ, వెనక్కి తిరిగి చూసుకుంటూ బస్సెక్కింది.

మర్నాడు పిల్లలు బడికెళ్ళాక నా మిషను ముందుకొచ్చి నిలబడింది.

"రొట్టెలు పెట్టి వాళ్ళ ఆకలి చంపుతున్నది నువ్వేనా?"

"నేనే. అయితే?"

"అయితేనా? నా చేతి ముద్ద చేదయిపోయింది వాళ్ళకి. మేనత్త రొట్టె తీపయింది. కన్నది నేను, మురిపాలు నీకు!"

నాకు ఒళ్ళు మండింది. "నీ ముద్దకేం రోగం? వేళకే రోగం. పడుకునే ముందు పిల్లలకి కడుపు కాలుతోంది. నువ్వు చూడ్డం లేదు గనక నీకు తెలీడం లేదు."

"సెలవు రోజు చూస్తున్నానుగా! చుక్కలొచ్చాక తిని, కిక్కురుమనకుండా పడుకుంటారు."

"చుక్కలొచ్చాక పెడితే ఎందుకు అడుగుతారు, వెర్రి మొహమా! ఈ సెలవుకి బస్సు వేళకే పెట్టు. పెట్టి ఇక్కడే కూర్చో. చూడు."

పంతానికి సరేనంది. సెలవు రోజున ఎండ ఉండగానే పెట్టింది, హారన్ లేకపోయినా అలవాటు కొద్దీ గబగబా. తర్వాత మంచం పక్కనే తిష్ట వేసింది. పళ్ళు తోముకున్నారు. దుప్పట్లు కప్పుకున్నారు. నేను ఎదురుచూస్తున్నాను, ఇప్పుడు మొదలవుతుంది భజన అని.

లేదు. ఒక్కరూ నోరెత్తరే! జడ్జి గోడవైపు తిరిగింది. గుండు దుప్పటి కొస నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. వదిన నావైపు చూసి నవ్వింది, ఏమ్మా, ఏదీ నీ ఆకలి అన్నట్టు. అంతలో గుండు కడుపు గుర్రుమంది. గదంతా వినబడింది.

"మంచం కిర్రుమంది," అన్నాడు వాడు వెంటనే.

"అవును, మంచమే," అంది జడ్జి. జీవితంలో మొదటిసారి తమ్ముడి పక్షం మాట్లాడింది.

వదిన పిట్ట మీదికి వంగింది. "చిట్టితల్లీ, నీకు ఆకలేస్తోందా?"

పిట్ట అక్క వంక చూసింది. అక్క కళ్ళతోనే వద్దంది. పిట్ట దుప్పటి గడ్డందాకా లాక్కుంది. "నాకు లేదమ్మా. పొట్టకే ఉంది," అంది.

వదినకి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. లేచి పొయ్యి వెలిగించింది. గుడ్లు ఉడకబెట్టింది, రొట్టె కాల్చింది, పాలు చల్లార్చింది. ముగ్గురూ మంచం మీదే పళ్ళెం చుట్టూ చేరి ఎలా తిన్నారంటే, నమిలి తిన్నారు. చాన్నాళ్ళకి నమలడం చూశాను. తింటున్న ఒక్కొక్కరి వంకా వదిన చూస్తూ కూర్చుంది. చూసి చూసి, నా చెయ్యి పట్టుకుని, "రేపట్నుంచి రాత్రన్నం నువ్వే పెట్టు తల్లీ," అంది.

"మరి నువ్వు?"

"వాళ్ళు తింటే చాల్లే. నేను చూడాలనేం ఉంది."

ఉంది. అది నాకు తెలుసు, మీకూ తెలియాలి. మర్నాటి నుంచి వదిన, పిల్లలు బడి నుంచి రాగానే తలో రొట్టె ముక్కా పాలూ ఇస్తోంది. అన్నం వండి, మూత పెట్టి, మూత మీద బరువు పెట్టి, ఖాళీ చేతుల్తో బస్సెక్కుతోంది. మొదటి రోజు పిట్ట నా చేతి ముద్దకి నోరు తెరవలేదు. "అత్తా, నీ వేళ్ళు లావు," అంది. చివరికి జడ్జి పెడితే తింది. ఇప్పుడు భజన లేదు, ఏడుపు లేదు. నిండిన కడుపులతో పడుకుంటున్నారు.

అదే సమయానికి వాళ్ళమ్మ ఎక్కడుంటుందో చెప్పనా? షిఫ్టులో చేరిపోయి ఉంటుంది. అంతకు ముందు, పిల్లలకి తినిపించాల్సిన వేళంతా, మీ గేటు బయట పిట్టగోడ మీద కూర్చుంటుంది. ముందు షిఫ్టు దిగేదాకా మీరు గేటు తియ్యరు కాబట్టి. వదిన ఒక్కతే కాదు, ఒక బస్సు నిండా తల్లులు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మూసిన గేటు వంక చూస్తూ. అడిగాను నేను. ప్రతి ఇంట్లోనూ ఇదే పాట. ప్రతి తల్లీ తన పిల్లలే తిండిపోతులనుకుంటోంది.

ఇక వినండి. మా బస్సు పాత వేళకి తిప్పండి. అట్టపెట్టెల ఫ్యాక్టరీకి వేరే బస్సు వెయ్యండి. పరిశీలిస్తాం, పై నెల చూద్దాం అనొద్దు. రేపటి నుంచే. కాదంటారా, పిల్లల్నీ పళ్ళేల్నీ తీసుకుని అందరం మీ గేటుకే వస్తాం. తల్లులు అక్కడే కూర్చుని తినిపిస్తారు. ఆఖరి ముద్ద అయ్యేదాకా లోపలికి ఒక్క మనిషి రాదు. బస్సు మార్చండి.