ఊరికే కూర్చున్న పిల్ల

పాలు ఒలికినప్పుడల్లా టీచరు తల తిప్పకుండానే పిలిచేది, "పిచ్చుకా, ఆ గుడ్డ ఇలా తేమ్మా" అని. పిచ్చుక నాలుగేళ్ళ పిల్ల, ఆ చిన్నపిల్లల బడిలో ఆయా కూతురు. గంతులేస్తూ నడుస్తుందని అందరూ అలా పిలుస్తారు. తల్లి పనిచేసే చోటే బిడ్డా చదువుకుంటుంది, ఫీజు లేకుండా చేర్చుకోండని పెద్ద మేడంతో వాదించి ఒప్పించింది ఈ టీచరే. "ఇక్కడ అందరూ మనవాళ్ళే" అని రంగు కాగితాలు కత్తిరించి గోడకు అంటించింది కూడా ఆవిడే. అంచేత తన మనసులో ఏదైనా తేడా ఉందేమోనని వెతుక్కునే అవసరం ఆవిడకు ఎప్పుడూ రాలేదు. పిచ్చుక గుడ్డ తెచ్చేది, బల్ల కింద దూరి మూలమూలలా తుడిచేది. "నీ అంత శుభ్రంగా ఎవరు తుడుస్తారే బంగారం" అని టీచరు బుగ్గ పుణికితే పిల్ల మొహం చాటంత అయ్యేది.

ఆ రోజు మధ్యాహ్నం పిల్లలు బడి ఆట ఆడుకుంటున్నారు. లాయరుగారి అమ్మాయి టీచరు సంచీని భుజాన తగిలించుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంటే, అచ్చం నాలాగే ఉందే అని టీచరుకు నవ్వొచ్చింది. డాక్టరుగారి అబ్బాయి ఖాళీ కప్పు ఒకటి కింద పడేశాడు. ఆటలో టీచరు తల తిప్పలేదు. "పిచ్చుకా, గుడ్డ తేమ్మా. నీ అంత శుభ్రంగా ఎవరు తుడుస్తారే బంగారం" అంది. ఆటలోకి రమ్మని ఎవరూ పిలవని పిచ్చుక, మూల నుంచి లేచి వెళ్ళి నిజం గుడ్డే తెచ్చింది. ఏమీ ఒలకని నేలను వంగి శ్రద్ధగా తుడిచింది. టీచరు నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

ఆ మాట ఎక్కడిదో ఆవిడకు తెలుసు. అది ఇంటి నుంచి మోసుకొచ్చిన మాట. "నువ్వు చేసినంత శుభ్రంగా నాకు రాదోయ్" అంటాడు భర్త, టీ ఒలకబోసుకున్నప్పుడల్లా. అలాగని సాయం చేయడని కాదు పాపం, ఆవిడ తుడిచేందుకు వీలుగా కాళ్ళు పైకెత్తుతాడు. "మా కోడలి చెయ్యి పడితేనే ఇది ఇల్లులా ఉంటుంది" అని అత్తగారు వచ్చినవాళ్ళందరితోనూ చెబుతుంది. తిడితే ఎదురు తిరగొచ్చు, మెచ్చుకుంటూంటే ఏమని తిరగడం? ఆ మెప్పు ఎంత బరువో, దాని కింద నడుము ఎలా వంగిపోతుందో అన్నీ తెలిసి, తను దాన్నే తీసుకెళ్ళి ఓ పసిదాని నెత్తిన పెట్టింది. పైగా ఎంచి ఎంచి ఎవరికి పెట్టింది? డాక్టరుగారి అబ్బాయికి పెట్టలేదు, లాయరుగారి అమ్మాయికి పెట్టలేదు. వాళ్ళ చేతికి గుడ్డ ఇవ్వాలని కల్లో కూడా తోచలేదు. ఆయా కూతురు కాబట్టే తోచింది. గోడమీది అక్షరాల వైపు చూడాలంటే సిగ్గేసింది. తప్పు చేశాను, తెలియకుండా చేశానని సర్దిచెప్పుకోవడానికి కూడా లేదు, అనుకుంది.

మర్నాడు డాక్టరుగారి అబ్బాయి పాలు ఒలకబోస్తే, గుడ్డ వాడికే ఇచ్చింది. "ఒలకబోసింది నువ్వే కదా నాన్నా, తుడిచేదీ నువ్వే." వాడు పాలను నేలంతా పులిమాడు. పోనీలే, నేర్చుకుంటాడు అనుకుని ఇటు తిరిగేసరికి పిచ్చుక ఎదురుగా నిలబడి ఉంది.

"నేను బాగా తుడవట్లేదా టీచర్?"

"బాగా తుడుస్తావమ్మా. కానీ నువ్వు తుడవక్కర్లేదు. వెళ్ళి కూర్చో."

"కూర్చుని ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదు. అందరిలాగే ఊరికే కూర్చో."

పిచ్చుక వెళ్ళి కుర్చీ అంచున కూర్చుంది, ఎవరో వచ్చి లేవమంటారేమో అన్నట్టు. టీచరు దగ్గరికెళ్ళి పక్కనే నేలమీద కూలబడింది.

పిల్ల గొంతు తగ్గించి అడిగింది. "పని చెయ్యకపోతే నన్ను పంపించేస్తారా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"అమ్మ. పని చేసే పిల్లల్ని ఎవరూ పంపించరంట. టీచరుకి సాయం చేస్తూ ఉంటే ఉండనిస్తారంట."

కాపురానికి పంపిస్తూ తన తల్లి చెప్పిందీ అదే. పనిలో ముందుండమ్మా, నిన్నెవరూ ఏమీ అనరు, అంది. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో నెగ్గుకొచ్చింది.

"పంపించరు. చేసినా చెయ్యకపోయినా ఇది నీ బడే" అంది, గుమ్మంలో చీపురుతో నిలబడిపోయిన ఆయాకు కూడా వినబడేలా.

పిచ్చుక కుర్చీలో కాస్త వెనక్కి జరిగి కూర్చుంది. "మీ ఇంట్లో కూడా అంతేనా టీచర్?" అంది.

ఆవిడకు తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్క పూటైనా పని మానేసి చూసింది లేదు. ఆ సాయంత్రం చూద్దామనుకుంది.