హేజెల్ చెట్ల కింద తెలుపు

ఫిబ్రవరి రెండో ఆదివారం, ఉదయం ఎనిమిది, చలికాలం చివర పూసే చిన్న తెల్ల పూలు, స్నోడ్రాప్‌లు విచ్చుకున్నాయి, నేనింకా వంటింట్లోనే ఉన్నాను, టీ చల్లారిపోతోంది, మ్యూరియల్ అక్క బూట్లు తొడుక్కుంటూ మాటిచ్చావు హెస్టర్ గుర్తుందా అంటోంది, గుర్తుంది, వచ్చే ఆదివారం ఊరివాళ్లు మన తోట చూడటానికి వస్తున్నారు, ఈసారీ ఇది తోటలా లేకపోతే నేను పోగేసిన స్నోడ్రాప్ రకాలన్నీ తవ్వి కుండీల్లో పెట్టి షెడ్డు వెనక్కి చేర్చాలి, గోడ నుంచి వాగు దాకా అక్క ఒకే రకం నాటుతుంది, చూపు ఎక్కడా తట్టుకోకుండా సాగిపోవాలే అంటుంది, నీదేమో సంతలో బొత్తాల కొట్టు, దేనికది ఒక్కొక్కటి, దాని నెత్తిన పేరు పలక, ఇది పూలమడా శ్మశానమా, అప్పుడు నవ్వాను, నిజమే కాబట్టి, కానీ ఒకదాని లోపలి రేకు మీద ఆకుపచ్చ గీత, ఇంకోదాని మీద కళ్లద్దాల్లా రెండు మచ్చలు, ఆ తేడా కోసమే ఎవరెవరి తోటల్లోనో మోకాళ్ల మీద పాకాను, తెచ్చి దూరదూరంగా నాటాను, కాయ కనిపిస్తే గిల్లేసేదాన్ని, గింజ రాలి మొలిస్తే అది ఏ రకమూ కాదు, నాలుగేళ్ల కింద తుంటి ఆపరేషన్ అయ్యాక వంగడం మానేశాను, నే గిల్లుతా అంది అక్క, నీకు ఏది ఏదో తెలీదు ముట్టుకోకు అన్నాను, ఆ తర్వాత సన్నగా ఏవో మొలిచాయి, గడ్డి అనుకున్నాను.

పద అంది, వెనకే వెళ్లాను, హేజెల్ చెట్ల మలుపులో ఆగిపోయింది, ఏమిటే ఇది, తెలుపు, నా రకాల మధ్య ఖాళీ లేదు, చెట్ల వేళ్ల మధ్యా రాళ్ల సందునా తెలుపు, వాగు ఒడ్డు దాకా, ఎప్పుడు నాటావే, నేను నాటలేదక్కా, కోతలు కోయకు, ఒట్టు, తుంటి పట్టుకుని ఎలాగో మోకాళ్ల మీద కూర్చుని ఒక పువ్వు ఎత్తి చూశాను, మచ్చలు కళ్లద్దాలదానివి, కాడ పొడుగు వేరేదానిది, పక్కది ఇంకోలా, ఏ రెండూ ఒకటి కావు, లేచాను, అంతా ఒకటే, మళ్లీ కూర్చున్నాను, వేరు, లేచాను, ఒకటే.

మరి ఎవరు నాటారే, చీమలక్కా, గింజ కొసన కొవ్వు ఉంటుంది, దానికోసం మోసుకెళ్తాయి, కొవ్వు తిని గింజ వదిలేస్తాయి, ఏ గింజ ఎవరిదో వాటికి అక్కర్లేదు, అక్క వంగింది, దేనికీ వంగని మనిషి బురదలో మోకాళ్లు ఆనించింది, దీని పేరేమిటి, పేరు లేదు, మరి దీనికో, దానికీ లేదు, పేర్లు పేర్లని ఇన్నాళ్లూ నా ప్రాణం తీశావు కదే, కుండీలు తేనా అక్కా, నోరు మూసుకుని ఇటు చూడు, దీని మచ్చ అసలు దేనిలానూ లేదు, చూస్తాను, కాసేపాగి చూస్తాను, ఆమె మోకాళ్ల మీద ఉంది, నేను నిలబడి ఉన్నాను, నాకు ఒక్క తెలుపే కనిపిస్తోంది.