పోటు వేళ తేలే ఇళ్లు

పొద్దున్నే షాపు తెరవగానే అక్క చేసే మొదటి పని, కుట్టుమిషన్ని తాడేసి స్తంభానికి కట్టెయ్యడం. సముద్రం పోటు మీదున్న వేళకి ఆ వీధిలో సామానంతా జానెడు పైకి లేస్తుంది. చుక్క నీరుండదు. కుర్చీలు, బిందెలు, బియ్యం డబ్బా గాల్లో మెల్లగా ఊగుతుంటాయి, అంతే. మనుషులు లేవరు. సామాను తేలిన చోటికి ఎప్పటికైనా సముద్రం వస్తుందని అందరికీ తెలుసు. పక్క వీధి అలాగే పోయింది.

చెల్లెలు టౌన్ ప్లానింగ్ ఆఫీసులో పనిచేస్తుంది. ఈ వీధి వాళ్ల కోసం ఊరి చివర కొత్త కాలనీ గీసింది తనే. వెడల్పాటి రోడ్లు, బడి, నడిచి వెళ్లే దూరంలో బజారు. చోటు చాలక చిత్తడి నేలని మట్టితో పూడ్పించింది.

"మరి వాననీళ్లు ఎక్కడికి పోతాయే?" అని అడిగింది అక్క.

"కాలవలు తవ్విస్తున్నాం కదక్కా. నా మాట మీద నమ్మకం లేదా?"

అక్క మిషన్ తాడు విప్పి మూటలో పెట్టుకుంది. ఆమె కదలడం చూసి వీధంతా కదిలింది. వెనకాలే పాత ఇళ్లు కూల్చేశారు.

కొత్త ఇంట్లో సామాను దింపిన మధ్యాహ్నం, ఇద్దరూ టీ తాగుతుంటే మిషన్ లేచింది. జానెడు కాదు, నడుమెత్తు.

అక్క మూటలో తాడు కోసం వెతికింది.

"తిట్టవే అక్కా!"

"తిడితే దిగుతుందా? ఆ కొస పట్టుకో."

చెల్లెలు పై అధికారి దగ్గరికి పరుగెత్తింది. పోసిన మట్టి తీయించి, జనాన్ని మెరక మీదికి చేర్చాలని బతిమాలింది.

"మిగతా చిత్తడి జోలికి పోవద్దులే. కానీ చేరినవాళ్లని మళ్లీ ఎక్కడికని తిప్పుతావమ్మా?" అన్నాడాయన.

ఆ వారమే చెల్లెలు గుట్ట మీదున్న తన ఇంటి తాళాలు అక్క చేతిలో పెట్టి, తను కాలనీలో చేరింది. అక్క ఎంత మొత్తుకున్నా వినలేదు.

"గీసింది నేను. ఉండాల్సిందీ నేనే."

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, పోటు వేళకి అక్క ఫోన్ చేసింది.

"తిన్నావా?"

"ఆఁ."

"గొంతేంటే అలా ఉంది? ఎక్కడున్నావు?"

"కిటికీ దగ్గరక్కా" అంది చెల్లెలు, ఫోన్ని భుజానికి నొక్కిపెట్టి, రెండు చేతులా ఊచల్ని పట్టుకుని. ఇంట్లో చుక్క నీరు లేదు, అయినా ఆమె కాళ్లకి నేల అందడం లేదు.