ఫర్నేసు పైన అరలో డబ్బా

క్లీవ్‌లాండ్ తూర్పు వైపున బ్యాంకులు లాక్కున్న ఇళ్లు కొని, బాగుచేసి, ప్రభుత్వ అద్దె సాయం ఉన్నవాళ్లకే ఇస్తాను. ఆ సాయాన్ని మేం వోచరు అంటాం. నాదేం దయ కాదు, వ్యాపారమే. అద్దె టంచనుగా వస్తుంది. ఎవరూ నాకు నీతులు చెప్పక్కర్లేదు.

నా ఇంట్లో అద్దెకు దిగాలనుకున్న రెనీటా వోచరు గడువు శుక్రవారంతో సరి. ఈలోగా ఇల్లు ప్రభుత్వ తనిఖీలో నెగ్గకపోతే తనూ ఇద్దరు కూతుళ్లూ మళ్లీ ఇల్లులేనివాళ్ల షెల్టరుకే. ఫోన్లో నేను అడ్రసు చెప్పగానే మళ్లీ ఒకసారి చెప్పమంది. సరిగా వినపడలేదనుకున్నాను.

బుధవారం తనిఖీకి వచ్చిన పర్విస్ మేడ మీదికెళ్లాడు. అప్పుడే వచ్చిన రెనీటా వంటింట్లోకి నడిచి, చూడకుండానే తలుపు పక్క గోడ తడిమింది. స్విచ్ ఒకప్పుడు అక్కడే ఉండేది. నేనే అవతలి గోడకు మార్పించాను.

నేను ఆమె వైపు తిరిగాను. "నీకెలా తెలుసు తల్లీ?"

"ఇది మా అమ్మ ఇల్లు, మిస్ డెల్ఫీన్." గొంతులో కోపం లేదు, నాకు అందుకే భయమేసింది. "అమ్మ పోయాక బ్యాంకు తీసుకుంది. ఖాళీ చెయ్యడానికి గంట టైమిచ్చారు. పిల్లల్నీ బట్టల్నీ పట్టుకుని బయటపడ్డా. బేస్‌మెంటులో, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పైన అరలో ఆకుపచ్చ డబ్బా మర్చిపోయా. తిరిగొచ్చేసరికి తాళాలు మార్చేశారు. మీకేమైనా కనిపించిందా?"

కనిపించింది. మూత తీస్తే బూడిద రంగు పొడి. మిగిలిపోయిన సిమెంటనుకుని, "ఏం మనుషులో, చెత్తంతా దాచుకుంటారు" అని తిట్టుకుంటూ నా చేత్తోనే చెత్తలోకి విసిరాను.

"అందులో ఏముంది?"

"అమ్మ. దహనం చేశాక ఇచ్చిన బూడిద. ఎండలొచ్చాక సరస్సులో కలుపుదామనుకున్నాం."

చూడలేదంటే సరిపోయేది. అంతకంటే పెద్ద అబద్ధాలే ఆడినదాన్ని. ఎందుకో నోరు రాలేదు.

"నేనే పారేశాను," అన్నాను.

ఆమె మెట్ల మీద కూలబడింది. తిట్టినా బాగుండేది. కొడితే ఇంకా బాగుండేది.

"ఇల్లు పాసైంది!" పైనుంచి పర్విస్ హుషారుగా కేకేశాడు.

రెనీటా ముఖం తుడుచుకుని లేచింది. "సంతకం ఎక్కడ పెట్టాలి?"

"ఈ ఇంట్లోనా? నా దగ్గర ఇంకో ఇల్లుంది తల్లీ..."

"శుక్రవారంలోపు దానికి తనిఖీ అవుతుందా?"

అవదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అద్దె కాగితాలు వంటింటి గట్టు మీద పరిచాను. ఆమె చకచకా సంతకం చేసి పెన్ను నా చేతికిచ్చింది. వాళ్లమ్మ ఇంటికి, ఇంటి యజమాని అని ఉన్నచోట, నా పేరు రాశాను.