ఎవరి ముఖం వాళ్లది

చిరిగిన బనియన్‌ను నేల తుడిచే గుడ్డ చేశానని ఆ ఉదయం మా ఆయన నాందేవ్ నాతో గొడవపడ్డాడు. చంకల్లో చిల్లులున్నదాన్ని ఇంకా ఎన్నాళ్లు తొడుక్కుంటారని అడిగాను. మెత్తగా ఉంటుందట.

"ఆ మెత్తదనం నేలకూ తెలియనీరా," అంది మా అత్త శేవంత, మిరపకాయల తొడిమలు తీస్తూ.

అసలు కోపం బనియన్ మీద కాదని ముగ్గురికీ తెలుసు. ఆ మధ్యాహ్నం సంఘం గదిలో సినిమా వేస్తున్నారు.

సాంగ్లీలో ఈ సందులోనే మా అత్త చాలా ఏళ్లు ధందా చేసింది. ఆ సంపాదనతోనే కొడుకును చదివించింది. ఇప్పుడు సెక్స్ వర్కర్ల సంఘానికి పెద్దదిక్కు. ఆమె గొంతు పెంచకుండానే సందంతా వింటుంది. సంఘం ఆడవాళ్లే కెమెరా పట్టి తమ బతుకుల మీద డాక్యుమెంటరీ తీశారు. వచ్చే నెల ఊళ్లో పెద్ద హాల్లో వేస్తారు. నాందేవ్ గుమాస్తాగా చేసే పంచదార మిల్లు వాళ్లూ చూస్తారు. అందుకే అమ్మ ముఖం మసక చేయించమని అతని పోరు.

సంఘానికో నియమం ఉంది. ఏ సినిమా అయినా మొదట సందులోవాళ్లకే వెయ్యాలి. తన ముఖం ఉంచాలో తీసెయ్యాలో ఆ మనిషే చెప్పాలి. వేరెవరి మాటా చెల్లదు.

కెమెరా పట్టిన కస్తూర, నాందేవ్ బాధ చూడలేక, అత్తను అడక్కుండానే ఆమె ముఖం మసక చేసేసింది. తెర మీద ఆ మసక కనిపించగానే ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ గొంతు, చేతులు తిప్పే ఆ తీరు ఎవరికి తెలియవు? అత్త మాత్రం నవ్వలేదు. కాపాడుతున్నామంటూ పోలీసులు తమను వ్యాన్ ఎక్కించిన రోజు గురించి తెర మీద చెబుతోంది. "మమ్మల్ని ఒక్కమాట అడిగారా?" అంటోంది. అడిగే నోరే కనబడలేదు.

పొద్దుగూకాక జొన్నరొట్టెలు, వంకాయ కూర ముందు కూర్చున్నాం.

"కస్తూరకు చెప్పేశాను. నా ముఖం ఉంటుంది," అంది అత్త.

"మిల్లులో నన్నేమంటారో ఆలోచించావా అమ్మా?"

"ఆలోచించాను. నాకు టీ తెచ్చిస్తూ నువ్వూ కనిపిస్తావు కదా. కావాలంటే నీ ముఖం మసక చేయించుకో. ఎవరి ముఖం వాళ్లది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అతని కంచంలో ఇంకో రొట్టె వేసింది. అతను దాన్ని చిన్న చిన్న ముక్కలు చేశాడు.

"నాదీ ఉంచమను," అన్నాడు చివరికి. "అందులో నా ఒంటి మీదున్న ఆ చిల్లుల బనియన్ ఒక్కటీ మసక చెయ్యడం కుదురుతుందేమో కస్తూరను అడుగు."