అట్ట మీద చుక్క

ఇంజన్ ఎక్కడ కారుతోందో చెప్పడానికి నాకు పానా అక్కర్లేదు, టార్చిలైటు అక్కర్లేదు. బానెట్ మీద చెయ్యి ఆనించి చెవి ఒగ్గితే చాలు, నూనె ఏ సందులోంచి జారుతోందో అదే చెబుతుంది. ఒకసారి మా చేలో కూర్చుని, మూడు చేల అవతల ఆడుతున్న ఆయిల్ ఇంజన్‌కి వాషర్ పోయిందని వాసన పట్టి చెప్పాను. నలభై ఏళ్ళలో నా ముందు అబద్ధమాడి నిలబడిన ఇంజన్ లేదు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

మా బావ దగ్గర వాళ్ళ నాన్నగారి నాటి కారు ఒకటుంది. పదకొండేళ్ళు షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంది. కిందటేడు బావకి దాని మీద ప్రేమ పొంగుకొచ్చి, ఇంజన్ దింపి, నట్టూ బోల్టూ విప్పి వరండా నిండా పరిచాడు. పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వేశాడు. నేను సాయం చేశాను. సాయమంటే ఎక్కువగా మాటసాయం.

ఆయన తొందరకి కారణం ఉంది. బావకి దూరపువి బాగానే కనిపిస్తాయి గానీ దగ్గరివి అలికేసినట్టుంటాయి. ఆ మసక రేపో మాపో దూరానికీ పాకుతుందట. "ఈ నెలాఖరు దాకా నడుపుకోండి, ఆ పైన స్టీరింగ్ ముట్టుకోవద్దు" అని కళ్ళ డాక్టరు తేల్చేశాడు. ఆ లోపల మా అక్కని పక్కన కూర్చోబెట్టుకుని నది వంతెన దాకా ఒక్కసారి పోయి రావాలని బావ కోరిక.

అక్క షరతు వేరు. పెళ్ళైన కొత్తలో ఇదే కారు దారంతా నూనె కార్చుకుంటూ పోయి, సరిగ్గా ఆ వంతెన మీద బిగుసుకుపోయింది. ఎండలో, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఆవిడ ఇంటిదాకా నడిచింది. అంచేత ఆవిడ ఒకే మాట చెప్పింది. "కారు కింద అట్ట పరవండి. తెల్లారేదాకా చుక్క పడకపోతే ఎక్కుతాను. పడితే మీరిద్దరే ఊరేగండి."

సోమవారం ఇంజన్ ఎక్కించాం. నాలుగు లీటర్ల నూనె స్వయంగా నేనే పోశాను. స్టార్టు చేస్తే పిల్లిలా గురగురలాడింది. మంగళవారం పొద్దున అట్ట మీద చొక్కా గుండీ అంత మచ్చ.

"ఎక్కడిదిరా ఇది?" అన్నాడు బావ.

చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు. "అడుగున నూనె నిలిచే చాంబర్ దగ్గర" అన్నాను గంభీరంగా. చాంబర్ బోల్టులన్నీ బిగించాం. బుధవారానికి గుండీ కాస్తా గ్లాసు మూతంత అయింది. "అయితే పై మూత గ్యాస్కెట్" అన్నాను. అదీ మార్చాం. గురువారం మచ్చలు రెండయ్యాయి.

ఇక లాభం లేదని ఇంజన్ శుభ్రంగా తుడిచి, అక్క మొహానికి రాసుకునే పౌడరు దానికి దట్టంగా చల్లాం. తెల్లటి పౌడరు మీద నూనె నడిచిన దారి నల్లగా తెలుస్తుంది. పది నిమిషాలు ఆడించి చూస్తే, ఇంజన్ ఊపిరి వదిలే గొట్టం దగ్గర మొదలైన చార వెనక నుంచి దిగి, గేర్‌బాక్స్ కలిసే చోట మడుగు కట్టింది. ఆ గొట్టంలోంచి ఆవిరి రావాలి గానీ నూనె రావడమేమిటి?

"కొలిచే పుల్ల ఏమంటోంది బావా?"

"సరిగ్గా గీత మీదుంది. రోజూ గీత మీదే ఉంటోంది."

నా బుర్ర తిరిగిపోయింది. కారేది కారుతోంది, తగ్గేది తగ్గడం లేదు. బావ చేతిలో ఊటబావిలాంటి ఇంజన్ ఏదో తయారైందనుకున్నాను.

శుక్రవారం బావ షెడ్డు దూలానికి గొలుసు కప్పీ వేలాడదీశాడు. "ఆ గొట్టం కాదురా. వెనక నూనె ఆపే సీలే పోయింది. ఇంజన్ దింపాల్సిందే."

దింపితే మళ్ళీ ఎక్కించడానికి రెండు వారాలు. నెలాఖరు ఎల్లుండి ఆదివారం. బావ గొలుసు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

అప్పుడు అక్క లీటరు నూనె డబ్బాలు నాలుగు మోసుకొచ్చి మా కాళ్ళ ముందు పెట్టింది.

"నా పౌడరు డబ్బా వెతుకుతుంటే ఇవి దొరికాయి. నీళ్ళ పీపా వెనక రెండు, గోనెసంచి కింద రెండు. ఇక్కడొకటి ఖాళీ, ఒకటి సగం. అక్కడా అంతే. ఇంజన్‌కి ఎంత పడుతుందన్నారు?"

"నాలుగు లీటర్లు" అన్నాడు బావ.

"మరి ఈ మూడు ఎవరు తాగారు?"

నేను బావని చూశాను. బావ గొలుసుని చూశాడు.

"కారిపోతోంది కదా అని సాయంత్రాలు అర లీటరు పోస్తున్నానక్కా. బావ బెంగపడతాడని చెప్పలేదు."

"నేను పొద్దున్నే పోస్తున్నాను" అన్నాడు బావ మెల్లగా. "వీడు నవ్వుతాడని చెప్పలేదు."

"పుల్ల చూసి పోయరా మరి?"

"ఆ గీత నాకు కనపడదే. తడిగా తగిలితే గీత మీదుందనేవాణ్ణి."

అక్క ఒక ఖాళీ డబ్బా ఎత్తి మా ఇద్దరికీ చూపించింది. "నాలుగు లీటర్ల గిన్నెలో ఏడు పోస్తే పొంగదా? ఒక్కరోజు పాలు కాచిన మొహాలైతే తెలిసేది. పుల్ల సంగతి సరే, రోడ్డు కనిపిస్తుందా?"

"ఆ చివరి స్తంభం మీద కాకి కనిపిస్తోంది. ముక్కులో ఏదో పుల్ల కూడా ఉంది."

అక్క చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. కాకి ఉంది, పుల్లా ఉంది.

మూడు లీటర్లు తీసేశాం. ఈసారి పుల్ల అక్క చూసింది. "మరి మొదటి రోజు మచ్చ ఎక్కడిది?" అన్నాడు బావ. నాకు చెప్పక తప్పలేదు. సోమవారం నూనె పోసేటప్పుడు గరాటు తేవడానికి బద్ధకించాను. సగం చెంచా ఇంజన్ వెనకాలకి ఒలికి, తీరిగ్గా జారింది. దాన్ని చూసే మేమిద్దరం కంగారుపడి పొయ్యడం మొదలెట్టాం.

అన్నట్టు, ఆ నలభై ఏళ్ళ సంగతి. అందులో ముప్ఫై తొమ్మిది లారీలు తూచే కాటా దగ్గర చీటీలు రాశాను. ఇంజన్లని విన్న మాట నిజం, కిటికీ లోంచి.

ఆదివారం పొద్దున అట్ట మీద ఒక్క చుక్క లేదు. అక్క వంగి చూసి లోపలికెళ్ళి, గట్టి చెప్పులు వేసుకుని, ఇంకో జత సంచిలో పెట్టుకుని వచ్చి కారెక్కింది. వంతెన దాకా వెళ్ళారు, వచ్చారు. రెండో జత సంచి దాటి బయటికి రాలేదు. బావ తాళంచెవి తీసి అక్క చేతిలో పెట్టేశాడు.

అంతా జరిగినట్టే చెప్పాను, ఒక్కటి తప్ప. వాసన పట్టిన వాషర్ సంగతి కాదు, అది మీరు మొదట్లోనే నమ్మి ఉండరు. ఆ పొద్దున అట్ట మీద చుక్క లేదన్నది నా కల్పన. ఉంది, ఆవగింజంత. అందరికంటే ముందు లేచింది నేను, అట్ట తిరగేసింది నేను. ఆ చుక్క ఎక్కడిదో ఇప్పటికీ అర్థం కాక, అప్పుడప్పుడు వెళ్ళి బానెట్ మీద చెవి పెడుతుంటాను. అది మాత్రం నోరు విప్పడం లేదు.