ఆరు బకెట్లకూ ఒకటే నీళ్ళు

పొద్దున ఆరింటికి రఘునాథన్ అర లీటరు సీసా నింపి వంటగది గట్టు మీద పెడతాడు. ఆయన భార్య సుధ ఆ రోజంతా తాగే నీళ్ళు అవే. కాఫీ, మజ్జిగ, మాత్రలు మింగే గుక్క, అన్నీ ఆ లెక్కలోకే. రెండేళ్ళ కింద ఆమె మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాయి. అప్పట్నుంచి మంగళ, గురు, శనివారాలు డయాలిసిస్. లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావడానికి ఆ యంత్రం తప్ప వేరే దారి లేదు గనక, ఒర్లియంపేటలోని ఆ మూడు గదుల ఇంట్లో ఆమె దాహానికి సీసా కొలతయింది.

కొలత లేనిది ఆమె అత్త ధనభాగ్యం నోటికి. డెబ్బై నాలుగేళ్ళ ఆ మనిషి పొద్దున్నే మొదలుపెడితే పాలవాడు, కోడలు, కుళాయి, ఎవర్నీ వదలదు. సుధకు పిల్లలు లేరన్న మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు వినబడిందో చెప్పడం నాకే కష్టంగా ఉంది.

ఆ కుటుంబంలో ఒకరికి దుఃఖం వస్తే కన్నీళ్ళు పక్కనున్నవాళ్ళ కళ్ళలోంచి వస్తాయి. ఎన్నో తరాల కింద పొలాలు వెతుక్కుంటూ ఈ అరవ ఊరికి వచ్చినప్పుడు ఇంటి భాషతో పాటు ఆ అలవాటునూ తెచ్చుకున్నారు. దుఃఖపడ్డవాళ్ళకు గుండె తేలికపడుతుంది, తలనొప్పీ గొంతెండడమూ పక్కవాళ్ళకు మిగులుతాయి. సుధ కాపరానికి వచ్చిన మూడో రోజు బియ్యం ఏరుతుంటే ఉన్నట్టుండి చేటలో నీళ్ళు పడ్డాయి. పక్కన కూర్చున్న ధనభాగ్యం ఎప్పుడో పోయిన తన చెల్లెల్ని తలుచుకుంటోంది. "సరే, మనింటిదానివి అయిపోయినావు" అని కోడలికి కొంగు అందించింది.

ఇతరుల కన్నీళ్ళు కార్చే విషయంలో మాత్రం ధనభాగ్యం మహా పిసినారి. ఎవరి గొంతు వణికినా లేచి వీధి అరుగు మీదికి పోయేది. "నాకు కండ్ల ఆపరేషన్ అయిండాది. నా కండ్లు పెట్టి మీరెవరూ ఏడవద్దండి" అనేది. కాబట్టి ఈ రెండేళ్ళూ సుధ ఏడుపంతా రఘునాథన్ కళ్ళ వెంటే పోయింది. ఆమెకు జబ్బు చేశాక ఆ నీళ్ళు కళ్ళను మండించేవి. ఒంట్లోంచి బయటికి పోలేని ఉప్పులు అట్లా కొంచెం పోతున్నాయని ఆయన అనుకున్నాడు. డాక్టరుకు చెప్పలేదు. ఇంటి సంగతి కదా.

సుధకు పెద్ద కోరికలేమీ లేవు. తోటకూర తినాలి. బాహూరులోని పుట్టింట్లో తోటకూర వండని రోజు లేదు. ఇప్పుడేమో ఆకుకూరలు విషంతో సమానం. ఆకుల్లో పొటాషియం ఎక్కువ, మూత్రపిండాలు పనిచేయనివాళ్ళ ఒంట్లో అది అట్లాగే ఉండిపోతుంది, మోతాదు మించితే గుండె ఆగిపోతుంది. ఆకును రెండుసార్లు ఉడికించి నీళ్ళు పారబోసి తినమన్నారు ఆసుపత్రిలో. ఒకసారి తిని, "ఇది తోటకూర కాదు, తడిగుడ్డ" అని పళ్ళెం పక్కకు నెట్టింది.

రఘునాథన్ మేట్టుపాళయంలో ఒక రంగుల కంపెనీలో సరుకు తనిఖీ చేస్తాడు. వచ్చిన డ్రమ్ముల మీద లేబుళ్ళు చదివి, సరిగ్గా ఉంటే సంతకం పెట్టడం ఆయన పని. ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పు డ్రమ్మును గేటు దాటనివ్వలేదు. ఆయనకు తట్టిందేమిటంటే, మట్టి లేకుండా నీళ్ళలో పెంచిన మొక్క మనం కలిపిన ఉప్పులే తాగుతుంది, మనం పొటాషియం కలపకపోతే ఆకులోకి అది ఎక్కడ్నుంచి వస్తుంది? ఫోన్లో నెల రోజులు చూసి, లెక్కలు వేసుకుని, పని మొదలుపెట్టాడు.

కంపెనీలో ఖాళీ అయిన ఇరవై లీటర్ల బకెట్లు ఆరు తెచ్చాడు. ఎండ లోపలికి దూరి పాచి పట్టకుండా వాటికి బయట నల్లరంగు, దానిమీద తెల్లరంగు వేశాడు. అడుగున కన్నాలు కోసి, రబ్బరు రింగులు బిగించి, లావుపాటి పైపులతో ఒకదానికొకటి కలిపాడు. చివర ఒక పెద్ద డబ్బా, అందులో పంపు. పంపు నీళ్ళను మొదటి బకెట్లోకి తోస్తుంది, అవి ఆరింటి గుండా నడిచి మళ్ళీ డబ్బాలోకి వస్తాయి. వేళ్ళు ఎప్పుడూ నీళ్ళలోనే మునిగి ఉంటాయి కాబట్టి ఊపిరాడాలని ప్రతి బకెట్లో గాలి బుడగలు వదిలే రాయి పెట్టాడు. మూతలకు కోసిన గుంతల్లో చిన్న జాలీ కుండీలు, వాటిలో మట్టి గుళికలు, గుళికల మధ్య నారు. బోరు నీళ్ళు ఉప్పన గనక ఫిల్టరు నీళ్ళే పోశాడు. ఎండ ముదిరిన రోజుల్లో డబ్బాలో ఐసు సీసాలు వేసేవాడు.

మిద్దె మీద రాత్రింబవళ్ళు నీళ్ళ చప్పుడు. నాలుక తడుపుకోవడానికి ఐసుముక్క చప్పరించే సుధ సాయంత్రాలు ఆ చప్పుడు దగ్గరే కూర్చునేది. అది చూసి రఘునాథన్‌కు ప్రాణం ఉసూరుమనేది.

"ఒకదానికి రోగం తగులుకుంటే?" అని అడిగింది సుధ ఒకరోజు.

"ఆరిటికీ తగులుకుంటుంది. నీళ్ళు ఒకటే గదా" అన్నాడు ఆయన.

"మనింట్లో మాదిరే" అంది ఆరేసిన బట్టలు తీస్తున్న ధనభాగ్యం. "వేరే పని లేదా నీకు? అంగట్లో ఆకు కట్టలు కట్టలు దొరకతా ఉంటే."

మొక్కలకు మేతగా కాల్షియం నైట్రేటు, ఎప్సం ఉప్పు, అమ్మోనియం ఫాస్ఫేటు. ఒక్కో సంచి మీది అక్షరాలు మూడేసి సార్లు చదివాడు. ఒక్కటే చిక్కు. ఆ ఉప్పులకు నీళ్ళు రోజురోజుకూ పులిసి వేళ్ళు మాడిపోతున్నాయి. పులుపు తగ్గించడానికి అంగడివాడు ఒక బొటనవేలంత సీసా ఇచ్చాడు, రోజూ కొన్ని చుక్కలు వేయమని. రఘునాథన్ వేశాడు. మొక్కలు ఒక్కసారిగా పుంజుకున్నాయి. మేత సంచులు అన్నిసార్లు చదివిన మనిషి, అది మేత కాదు గదా అని, ఆ సీసాను ఒక్కసారైనా తిప్పి చూడలేదు.

ఆరు వారాలకు తోటకూర మోకాలెత్తు పెరిగింది. మొదటి కోత ఆదివారం. సుధే వండింది. వెల్లుల్లి, ఎండుమిరపకాయ తిరగమోత, నీళ్ళు పారబోయకుండా. ఎంతో కాలానికి ఆమె అన్నం రెండోసారి పెట్టించుకుంది. ధనభాగ్యం కాసేపు చూసి తన పళ్ళెంలోని కూరను కోడలి పళ్ళెంలోకి తోసింది. "నాకు అరగదు. నువ్వు తిను" అంది. ఆ పూట ముగ్గురూ సంతోషంగా ఉన్నారు. అది నిజం, చెప్పుకోవాలి.

సోమవారం పొద్దున సుధ మిగిలిన కూర తిన్నది. పది గంటలకు పీట మీద నుంచి లేవబోతే కాళ్ళు రాలేదు.

"ఏమయ్యా, పెదాలు తిమ్మిరెక్కతా ఉండాయి" అంది. "గుండె ఆగి ఆగి కొట్టుకుంటా ఉండాది."

రఘునాథన్ ఆ మాట విని మిద్దె మీదికి పరుగెత్తాడు. సంచులన్నీ మళ్ళీ చదివాడు. చివరికి చిన్న సీసా ఎండలో తిప్పి పట్టుకున్నాడు. ఆవగింజంత అక్షరాల్లో పొటాషియం హైడ్రాక్సైడ్ అని ఉంది. ఆరు వారాలు తన చేత్తో, చుక్క చుక్కగా పోశాడు. మెట్లు దిగి వచ్చేసరికి ఆయన ముఖం చూసి ధనభాగ్యం పక్కింటికి కేకేసింది.

పక్కింటి చెంగల్రాయన్ ఆటో తెచ్చాడు. ఇద్దరూ కలిసి సుధను ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టారు. రఘునాథన్ పక్కన ఎక్కబోతుంటే ధనభాగ్యం చెంబు పట్టుకుని వచ్చి ఆయన్ను చేత్తో తోసింది.

"నువ్వు ముందర కూర్చో. దాని పక్కన నేను కూర్చుంటా."

"అమ్మా, నీ కండ్లు..."

"కండ్లు దాచుకుని ఏం చూడాల? నువ్వు ఎండిపోతే రేపు దీన్ని ఎవరు తీసకపోతారు? రేపు మంగళవారం గదా."

రఘునాథన్‌కు అర్థమైంది. అర్థమై కూడా ముందర కూర్చున్నాడు. ఆ సంగతి ఆయన జన్మలో మరిచిపోలేదు.

ఆ రోజు మాసిమగం, ఊరంతా సెలవు. చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళందరూ సముద్రస్నానానికి వైతికుప్పం తీరానికి వచ్చే రోజు. ఆసుపత్రికి పోయే ప్రతి వీధికీ ఒక పల్లకి అడ్డం వచ్చింది. మామూలుగా పదిహేను నిమిషాల దారి. చెంగల్రాయన్ రెండు సందులు మార్చాడు, మూడో సందులో ముందూ వెనకా జనం నిండిపోయి ఆటో ఆగింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే అదీ ఆ గుంపుకు అవతలే ఉందన్నారు.

సుధకు భయం వేసింది. ధనభాగ్యం కళ్ళలోంచి నీళ్ళు మొదలయ్యాయి. ఆమె చెంబును గడ్డం కింద పెట్టుకుంది. కుడి బుగ్గా ఎడమ బుగ్గా వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది.

"ఎడమ కంటివి నీవి, రఘూ. చప్పగా ఉండాయి" అంది. "కుడి కంటివి దీనివి. నాలుక మండతా ఉండాది. ఏమ్మే, ఇంకా ఏడువు."

"చాలత్తా" అంది సుధ. నాలుక తడబడింది.

"చాలదు. మీయమ్మను తలుచుకో."

సుధ తలుచుకుంది. చెంబు సగానికి వచ్చి ధార సన్నబడింది. ముందు వీధిలో మేళం మోగుతూనే ఉంది, పల్లకి మాత్రం కదల్లేదు.

"అయిపోయినాదా? అయితే నేను తిట్టినవి తలుచుకో. అవి ఎన్నో ఉండాయి గదా."

సుధ ఆమె ముఖంలోకి చూసింది. "మూడో దీపావళికి నా విస్తర్లోని మైసూర్‌పాకు తీసి మీ చెల్లెలి బిడ్డకు పెట్టినావు. కడుపు పండనిదానికి తీపి యాల అన్నావు. అందురూ ఉండారు ఆడ."

ధనభాగ్యం కుడి కంటి నుంచి నీళ్ళు ధారగా పడ్డాయి. ఆమె రెప్ప వేయలేదు.

"అన్నాను" అంది. "ఇంకా?"

సుధ చెప్పుకుంటూ పోయింది. పద్దెనిమిదేళ్ళవి, ఒక్కటీ మరిచిపోలేదు. గొంతు పెంచకుండా, వరసగా. చెంబు నిండితే ధనభాగ్యం ముందుకు అందించేది, రఘునాథన్ వంగి రోడ్డు పక్కన పోసి తిరిగి ఇచ్చేవాడు. రెండో చెంబులో ఒకసారి, చేతికి అలవాటైన పని గనక, జేబులోని మీటరు ముంచాడు. బకెట్లలో ఉప్పు కొలిచే మీటరు అది. ఉప్పు దాని కొలతకు మించిపోయి, అంకె వేయలేక గీతలు చూపించింది. వెనక సుధ మాట మెల్లగా స్పష్టపడింది, బొటనవేలు కదిలింది. ధనభాగ్యం బుగ్గలు లోపలికి పోయాయి, పెదాల మీద పొర లేచింది. చెంగల్రాయన్ తన తువ్వాలు తీసి వెనక్కి ఇచ్చాడు.

"నీళ్ళు తాగవత్తా" అంది సుధ.

"నువ్వు చెప్పు ముందు. పెరుగు గిన్నె సంగతి చెప్పలా నువ్వు ఇంకా."

గంటన్నరకు ఆటో ఆసుపత్రి చేరింది. సుధను లోపలికి తీసుకుపోయారు. రఘునాథన్ చిన్న సీసాను డ్యూటీ డాక్టరు యోగిత బల్ల మీద పెట్టి, తిన్నది ఎంతో చెప్పాడు. ఆమె రక్తం పరీక్ష కాగితం రెండుసార్లు చూసింది.

"పొటాషియం ఆరు ఉంది. ఇంత తిన్నదానికి ఎనిమిది దాటి ఉండాలి, ఇక్కడిదాకా వచ్చేవాళ్ళే కాదు" అంది. "దార్లో ఏమైనా మందు ఇచ్చారా?"

"లేదు మేడమ్. మా అమ్మ పక్కన కూర్చున్నాది."

డాక్టరు తలూపి ఏదో రాసుకుంది.

ఆయన బయటికి వచ్చేసరికి ధనభాగ్యం బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒడిలో చెంబు. కళ్ళు తెరిచే ఉన్నాయి, పూర్తిగా పొడిగా. ఎత్తుకుంటే ఎండు చింతబరిక బరువు లేదు.

మర్నాడు పొద్దున శ్మశానంలో అంతా అయిపోయింది. ఆడవాళ్ళు అక్కడికి రారు, ఇంటి మగవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. పక్కన ఇంటివాళ్ళ కళ్ళు ఏవీ లేవు గనక దుఃఖం దారి దొరక్క లోపలే ఉండిపోయింది. తల్లి చితి ముందు ఒక్క చుక్క కార్చలేదేమని దూరపు చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. తడి పంచెతో ఇంటికి వచ్చి, చొక్కా వేసుకుని, పొద్దునే ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన సుధను ఆటో ఎక్కించాడు. మంగళవారం ఆగదు కదా. ఈసారి వెనక సీట్లో ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఒర్లియంపేట నుంచి డయాలిసిస్ కేంద్రం దాకా సుధ కళ్ళు కురుస్తూనే ఉన్నాయి. పైట తడిసి ముద్దయింది. ఆయన బయటికి చూస్తూ కూర్చున్నాడు.

యంత్రం ఎక్కించే ముందు నర్సు జయప్రియ రోజూలాగే బరువు చూసింది. అంకె చూసి సుధను దిగమని మళ్ళీ ఎక్కించింది.

"మూడు రోజులకు రెండున్నర కిలోలు ఎక్కుతారు మీరు. ఈరోజు కిలో కూడా లేదు. నీళ్ళు మానేశారా అక్కా? అట్లా చేయకూడదు."

"తాగినా" అంది సుధ. "ఆయన ఏడ్చినాడు."

జయప్రియ బరువు రాసుకుని, యంత్రం మీద ఒక గంట తగ్గించి పెట్టింది. సుధ మంచం మీద పడుకుని ఎడమ చెయ్యి చాపింది. సూదులు గుచ్చేటప్పుడు రోజూ తల తిప్పుకునే మనిషి, ఈరోజు మొగుడి వైపు చూసింది. ఆయన గోడ వారగా, దూరంగా కుర్చీ వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆడ యాల కూర్చున్నావు?" అంది. "దగ్గరికి జరుగు. ఇంకా ఉండాది గదా నీకు."

ఆయన కుర్చీ జరుపుకున్నాడు.